బండి కదలాలంటే ఆరు నిమ్మకాయలు

చిట్టా 1

చిన్నగుంట నివాసులైన సకల స్త్రీ పురుషులకు, వారి పంపులకు, గాలిగొట్టాలకు, కిర్రుమనే తలుపులకు గంభీరంగా చాటించడమైనది: ఈ పూట మొదలుకొని అసిరినాయుడు అనబడే నేను ఒక్కవైపు మీసంతోనే సంచరిస్తాను. ఎడమవైపు చూసి ఎవరైనా నవ్వితే వారి మీద కుడివైపు మీసం తగిన చర్య తీసుకుంటుంది. అద్దాలు ఈ విషయంలో నోరు మూసుకోవలెను.

సంగతేమిటంటే, మంగలి కప్పులో నీళ్లు సగం మీసానికే అయిపోయాయి. "మిగతాది నీళ్ల బండి వచ్చాక" అన్నాడు. మనిషికి అరకప్పు చొప్పున కొలిచి పోస్తున్న రోజుల్లో మీసం తీయించుకోవాలన్న బుద్ధి పుట్టడం నా తప్పేనట. తప్పు నాదైనప్పుడు మొత్తం గీకెయ్యాలి గానీ సగం గీకి వదిలెయ్యడమేమిటి?

కుజుడి మీద ఈ గుంటలో నీళ్లు పుట్టవు. దూరాన మంచుగని ఉంది. అక్కడికి ఆరు చక్రాల బండి వెళ్లి, మంచుదిమ్మలు వేసుకొస్తే కరిగించుకుని తాగుతాం. ఆ బండి నడిపేది మా ఆవిడ నూకరత్నం. నాకు మేనమామ కూతురే. ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ కుజదోషం చిరునామాలోనే ఉంటుంది కనుక జాతకాలు చూసే పని తప్పింది, లేకపోతే నూకరత్నం నాకు దక్కేది కాదు. ఈ మాట ఆవిడా అంటుంది, కాకపోతే వేరే గొంతుతో.

బండి ఈ పొద్దున టిఫిన్ల వేళకే రావాల్సింది. రాలేదు. నా మొహం ఎంత ఆలస్యంగా చూస్తే అంత మంచిదని మెల్లగా వస్తోందనుకుని పనికి వెళ్లిపోయాను.

నా ఉద్యోగం పాతసామాను మందిరంలో. భూమి నుంచి మా పూర్వులు మోసుకొచ్చిన వస్తువుల్ని జనానికి చూపించి, పండితులు చెప్పమన్నది చెప్పాలి. ఇవాళ వచ్చినవాళ్లకి ప్లాస్టిక్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు చుట్టిన, చేతిలో పట్టేంత మీటల పలక చూపించాను. "పూర్వులు దీన్ని ఒట్టి చేత్తో తాకేవారు కాదు. అంత పవిత్రం. అందుకే మన గాలిమిషను మీటలకీ కవర్లు తొడిగాం" అన్నాను. ఇది పండితుల మాట. "కవరు తీసినవాడికి మూడు రోజులు అన్నం పెట్టేవారు కాదు" అన్నాను. ఇది నాది. ఒకావిడ భక్తిగా దణ్ణం పెట్టింది.

చిట్టా 2

నూకరత్నం రేడియోలోకి వచ్చింది. కులాసాగా పలకరించాను.

"ఏటే, గనిలోనే కాపరం పెట్టీసేవా?"

"నోర్ముయ్యి బావా. బండి లేవట్లేదు."

"ఏటయ్యింది?"

"నిమ్మకాయలు."

ఆ ఒక్క మాటకే నా కులాసా కాస్తా పోయింది. ఎందుకో రాస్తాను. చిట్టా రాయడం ఈ ఊళ్లో ప్రతివాడి విధి, చదవడం ఎవడి విధీ కాదు. కనుక నిజాలు కూడా రాయొచ్చు.

మా బండికి బుద్ధి ఉంది. దాన్ని తయారుచేసిన పూర్వులు, బండంటే ఏమిటో, మనుషులు యంత్రాలతో ఎలా మసలుకుంటారో నేర్పడానికి, భూమ్మీద ఇళ్లలోనూ వీధుల్లోనూ తీసిన పాత వీడియోలన్నీ దానికి చూపించారట. వాటిలో కొత్త బండి కదిలినప్పుడల్లా చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి. బండి అది నేర్చుకుంది. ముందు చక్రాల్ని బ్యాటరీతో ఒక్క చుట్టు తిప్పి చూస్తుంది; చక్రానికొకటి చొప్పున నిమ్మకాయ చితికిన చప్పుడూ పులుపూ తగిలితే గానీ ఇంజను లేవదు. పైగా దానికి జ్ఞాపకం తక్కువ. ఆపి మళ్లీ లేపిన ప్రతిసారీ ఇదే తన మొదటి ప్రయాణం అనుకుంటుంది. కాబట్టి వెళ్లడానికి ఆరు కాయలు, గని దగ్గర ఇంజను వేడికి మంచు ఆవిరైపోకుండా బండి ఆపాలి కనుక తిరిగి రావడానికి ఇంకో ఆరు.

మా తోటలో ఉన్నది ఒక్కటే నిమ్మచెట్టు. నీళ్లు తగ్గించడంతో కాయలు గోలీకాయలంత అయ్యాయి. చెట్టుకి నీళ్లు కావాలంటే బండి కదలాలి. బండి కదలాలంటే చెట్టు కాయాలి. ఈ ముక్క తోట కమిటీకి నేను పోయిన వారమే చెప్పాను గానీ, వంకాయలకి గడ్డం పెరుగుతోందని అంతకు ముందు వారం నేనే చెప్పి ఉండడంతో నమ్మలేదు.

"ఉన్న కాయలు పెట్టి చూసేవా?" అన్నాను.

"పెట్టీసాను. రాళ్లలాగ ఎండిపోయున్నాయి. చక్రాలు ఎక్కి దిగీసినాయి గానీ ఒక్కటీ చితకలేదు. రెండోసారి నా కేరేజీలో ఊరగాయ ముక్కలెట్టి చూసాను. 'శుభారంభానికి తాజా నిమ్మకాయ మాత్రమే, ఉప్పు వేసినది చెల్లదు' అనేసింది."

రెండు సార్లు అయిపోయాయన్నమాట. మూడోసారి కూడా తప్పితే, ఎవడో దొంగ తనను ఎత్తుకుపోతున్నాడని బండి తాళం వేసుకుంటుంది. ఆ తాళం తీయడం తెలిసినవాళ్లు దండలేసుకుని గోడల మీద ఉన్నారు.

"గాలెంతుంది నీకు?"

"రేపు సాయంత్రం దాకా. మాటాడకపోతే ఇంకాస్త."

"అయితే కష్టమే" అన్నాను.

నవ్వింది. నవ్వడానికి కూడా గాలి ఖర్చవుతుందని నాకు అప్పుడే తట్టింది.

చిట్టా 3

వేరే బండి లేదు. రెండో బండిని విప్పిన భాగాలతోనే మొదటి బండి ఇన్నాళ్లూ బతికింది. నడిచి వెళ్దామంటే, మోసుకెళ్లే గాలి సగం దారికి చాలదు. బండి బుద్ధిని విప్పి ఆ నిమ్మకాయల పిచ్చి తీసేద్దామంటే చట్టం ఒప్పుకోదు. ఒకప్పుడెవరో తెలివైనవాడు గాలిమిషనులో చెయ్యి పెడితే, ఊరంతా ఒక పూట నీలం రంగులోకి తిరిగింది. అప్పటి నుంచీ ఒకటే చట్టం: పూర్వులు యంత్రానికి ఏం చేశారో అదే చెయ్యాలి, చెయ్యనిది చెయ్యకూడదు. ఏది చేశారో తేల్చేది పూర్వాచార సభ. వీడియోలేమో బండి బుద్ధిలోనే ఉండిపోయాయి. దాన్ని విప్పకూడదు. కాబట్టి సభవాళ్లు పాత సామాను అటూ ఇటూ తిప్పి చూసి ఊహిస్తారు.

సభకి పెద్ద విశ్వపతిగారు. ఆయన మాట్లాడేటప్పుడు కళ్లు మూసుకుంటారు, వినేటప్పుడు కూడా మూసుకుంటారు. పక్కన కాంతిమతిగారు. కళ్లు మూయరు. అందుకే నాకు ఆవిడంటే భయం.

సభకి ఒక పద్ధతి ఉంది. పొయ్యి మీద కుక్కరు పెడతారు. మూడో విజిలుకి సభ ముగియాలి. పూర్వులు ఇంట్లో ముఖ్యమైన ప్రతి పనినీ విజిళ్లతోనే కొలిచారని వీళ్లు తేల్చారు. ఇవాళ కుక్కరులో పోయడానికి నీళ్లు లేవు. నీళ్లు లేకపోతే విజిలు లేదు. విజిలు లేకపోతే సభకి అంతం లేదు. పొద్దున్నుంచీ కూర్చున్నాం.

విశ్వపతిగారు అన్నారు: "మొరాయించిన బండిని పూర్వులు వెనక నుంచి తోసేవారనడానికి ఆధారాలున్నాయి."

"అక్కడ ఉన్నది ఒక్క మనిషండీ" అన్నాను. "ఆవిడ లోపల కూర్చోవాలా, వెనక తొయ్యాలా?"

"అది అమలు విషయం. సభ పరిధిలోకి రాదు."

కాంతిమతిగారు కొబ్బరికాయ అన్నారు. కొబ్బరికాయ బొమ్మలో తప్ప ఎవరూ చూడలేదు. ఇంకొకాయన, నిమ్మకాయ అనే మాటని గట్టిగా ఆరుసార్లు పలికితే చాలదా అన్నాడు. పలికేటప్పుడు 'మ్మ' దగ్గర ఎంతసేపు ఆగాలన్న దాని మీద చర్చ పెట్టారు. వాళ్లు ఆగుతున్నారు. నూకరత్నం గాలి ఆగడం లేదు.

నాకు ఒళ్లు మండింది. లేచి, బల్ల మీద ఫట్‌మని ఒక్కటి చరిచాను.

"మన పూర్వులకి మీ అంత ఓపికుండేదనుకుంటున్నారా? యంత్రం మొరాయిస్తే నెత్తి మీద ఒక్కటి ఇచ్చుకునేవాళ్లు! దెబ్బకి లేచి కూర్చునేది!"

నిజానికి నేను కొట్టాలనుకున్నది విశ్వపతిగారిని. మాట యంత్రం మీదికి మళ్లింది, అంతే.

ఆయన కళ్లు తెరిచారు. ఆయన కళ్లు ఏ రంగో ఇవాళే తెలిసింది.

"ఆధారం?"

నా దగ్గర ఏం ఆధారం ఉంటుంది? కానీ ముప్పై ఏళ్లుగా నోటితో బతుకుతున్నవాణ్ని. నోరు నాకంటే ముందు వెళ్లిపోయింది.

"మందిరంలో పూలకుండీ పీఠం ఉంది కదండీ" అన్నాను.

పూలకుండీ పీఠమంటే, ముందువైపు ఉబ్బెత్తు గాజు, వెనక పెద్ద వీపు ఉన్న పెట్టె. దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పూలకుండీ. కుండీ పెట్టుకోవడానికే పూర్వులు దాన్ని చేయించుకున్నారని సభ ఎప్పుడో తీర్మానించింది.

"పీఠమే అయితే దానికి వైరెందుకుందండీ? పీఠానికి ప్లగ్గెందుకు? అది యంత్రం. దాని నెత్తి మీద సొట్ట ఉంది. కుండీ బరువుకి పడిందని మీరన్నారు. కుండీ బరువెంతండీ, నా మీసమంత! అది అరచేతి సొట్ట."

పెట్టెను మోయించి తెప్పించారు. గుడ్డ తీశారు. విశ్వపతిగారు ఆ సొట్టలో తన అరచేయి పెట్టారు. సరిగ్గా సరిపోయింది. ఒకాయన ఏడ్చాడు.

కాంతిమతిగారు మాత్రం నన్నే చూస్తున్నారు. "ఎవరు కొట్టేవారు? యజమానా, పురోహితుడా?"

"ఇంట్లో ఎవరి ఓపిక ముందు అయిపోతే వారండీ."

"ఎక్కడ?"

"పక్కన ఒకటి, నెత్తిన ఒకటి. అరచేయి కాస్త డొప్పలా పట్టి."

"కొట్టేముందు ఏమైనా చదివేవారా?"

"చదివేవారు. అవి సభలో చెప్పదగ్గ మాటలు కావండీ."

"కొట్టిన ప్రతిసారీ లేచేదా?"

"నలుగురూ చూస్తుండగా కొడితే లేచేది. ఒక్కరే ఉంటే కాసేపటికి మళ్లీ పడుకునేది."

ఇదంతా ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. ఒక అబద్ధం పక్కన ఇంకో అబద్ధం దానంతట అదే వచ్చి కూర్చుంటోంది, పంక్తి భోజనాల్లో లాగా.

"ఆమోదించవచ్చు" అన్నారు విశ్వపతిగారు. "అయితే అరచేయి డొప్పలోని లోతును గురించి..."

ఇంకొక్క నిమిషం ఆగితే లోతు మీద ఉపసంఘం వేస్తారు. నేను తుమ్ము వచ్చినట్టు బల్ల కిందికి వంగి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని మూడు విజిళ్లు వేశాను. నీళ్లు లేని కుక్కరు ఎలా కూసిందని ఎవరూ అడగలేదు. అందరూ లేచి దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. వాళ్లకీ ఆకలేస్తోంది.

చిట్టా 4

రేడియో ముందు కూర్చునేదాకా నాకు భయం వెయ్యలేదు. కూర్చున్నాక వేసింది.

సభను నమ్మించడం వేరు. సభవాళ్లు నమ్మితే నమోదు చేసుకుని ఇంటికి పోతారు. నూకరత్నం నమ్మితే మిగిలిన ఆ ఒక్క అవకాశాన్నీ నా నోటి మీద పెడుతుంది. అది తప్పితే బండి తాళం వేసుకుంటుంది. నిజం చెప్పేద్దామా అనుకున్నాను. చెప్పి ఏం చెయ్యాలి? చెట్టు కాయడానికి నెలలు పడుతుంది. నిజం పట్టుకుని కూర్చుంటే అక్కడ గాలి అయిపోతుంది. అబద్ధంలో కనీసం ఒక చరుపు ఉంది.

"సభ తేల్చేసిందే" అన్నాను. "బండిని కొట్టాలట."

"ఏటీ?"

"ముందున్న పెట్టె లేదూ, మాటలొస్తాయే, దాని పక్కనొకటి, నెత్తినొకటి. అరచేత్తో. పూర్వులు అలాగే చేసేవారట. ఆధారం దొరికింది."



"బావా. ఇది నీ పైత్యమేనా?"

"సభ తీర్మానం నూకాలూ! విశ్వపతిగారు కళ్లు తెరిచి మరీ ఒప్పుకున్నారు."

"నీ గొంతు నెయ్యి రాసినట్టు నున్నగుంది. అబద్ధం చెప్పేటప్పుడే ఇలాగుంటాది. నా పెళ్లిచూపుల్లో ఇలాగే ఉన్నాది."

"అప్పుడు నమ్మేవు కదా."

"అందుకే అడుగుతున్నాను. మీసం మీద ఒట్టెయ్యి."

నేను ఎడమవైపు, ఏమీ లేని చోట చెయ్యి పెట్టాను.

"ఒట్టు."

"ఎంత గట్టిగా కొట్టమన్నారు?"

"నన్ను కొట్టాలనిపించినప్పుడు ఎంత గట్టిగా అనిపిస్తాదో అంత."

"పెట్టె ముక్కలైపోతాది."

"సగం తగ్గించుకో."

తర్వాత ఆవిడ గొంతు మారింది. "బావా, ఒకేళ లేవకపోతే, అటక మీద డబ్బాలో జీడిపప్పుంది. చిల్లు మూత డబ్బా. నీకు దొరక్కుండా దాచేను. తినీ."

నేను మాట్లాడలేకపోయాను. మాట్లాడలేకపోవడం నాకు అలవాటు లేదు, ఎలా చెయ్యాలో తెలియలేదు. "నువ్వొచ్చి తీసివ్వు" అన్నాను చివరికి. "అటక నాకందదు."

మొదటి దెబ్బ వినిపించింది. ఫట్. ఏమీ లేదు.

"ఏదైనా అను" అన్నాను. "కొట్టేముందు తిట్టాలి. అది కూడా ఆచారమే."

నూకరత్నం తిట్టింది. బండిని మొదలుపెట్టి, తోట కమిటీని, సభని, నన్ను, నన్ను కన్నవాళ్లని, వాళ్లు ఆవిడకి మేనత్తా మామయ్యా అవుతారన్న సంగతి కూడా చూడకుండా తిట్టింది. ఆ ఊపులోనే రెండోది పడింది. రేడియో ఇవతల నా చెంప చుర్రుమంది.

గుయ్‌మంది ఏదో. తర్వాత బండి గొంతు, ఎన్నడూ లేనంత సంబరంగా: "ఆఁ! ఇప్పుడొచ్చింది బొమ్మ! ఇంకెవరూ ముట్టుకోకండి!"

ఆ వెంటనే ఇంజను లేచింది.

బొమ్మేమిటి? ఎక్కడికొచ్చింది? నేనలాంటి మాట సభలోనూ అనలేదు, నూకరత్నంతోనూ అనలేదు. బండికి చలికి మతి చలించిందనుకున్నాను. చలిస్తే చలించింది, చక్రాలు కదిలాయి. నేను నేల మీద కూర్చుని, సగం మీసమైనా మిగిలినవాణ్నన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. చిట్టాలో రాస్తున్నాను కాబట్టి ఎవరికీ తెలియదు.

చిట్టా 5

వచ్చింది. దిమ్మలు దింపుతుండగా వెళ్లి నూకరత్నం ముందు నిలబడ్డాను. కుడి అరచేయి ఎర్రగా వాచి ఉంది. నా మొహం వైపు చూసింది. కుడివైపు చూసింది. ఎడమవైపు చూసింది.

"ఒట్టు ఏ పక్కనేసావు?"

నేను మంచుదిమ్మ మొయ్యడానికి వంగాను. జీవితంలో మొదటిసారి అడక్కుండానే పని చేశాను. వెనక నుంచి వీపు మీద ఒక్కటి పడింది. సగం తగ్గించుకున్న దెబ్బే.

చిట్టా 6

ఊళ్లో నీళ్లకి ఇబ్బంది లేదు. మంగలి పిలిచి మిగతా సగం గీశాడు. కొత్త ఇబ్బంది ఏమిటంటే, చరుపు.

విశ్వపతిగారు చరుపు శాస్త్రానికి శాఖ పెట్టించారు. బడిలో పిల్లలకి మొదటి ఏడాది అరచెయ్యి, రెండో ఏడాది పిడికిలి. కిర్రుమనే తలుపుల్ని కొడుతున్నారు. పంపుల్ని కొడుతున్నారు. నిన్న ఆసుపత్రి మిషను జ్వరం ఎక్కువ చూపించిందని రోగే లేచి దాన్ని ఒక్కటి పీకాడట. జ్వరం తగ్గించి చూపించింది. రోగి సంతోషంగా ఇంటికి పోయాడు. కవరు తొడిగిన మీటల పలకని కవరు తియ్యకుండా కొట్టాలా, తీసి కొట్టాలా అన్న దాని మీద ఊరు రెండు వర్గాలైంది. అన్నదమ్ములు మాట్లాడుకోవడం లేదు. కాంతిమతిగారు ఒక్కరే ఏ వర్గంలోనూ చేరలేదు. మొన్న మందిరానికి వచ్చి, ఆ పెట్టె గాజు ముందు చాలాసేపు కూర్చుని, "దీంట్లో ఏం చూసేవారో" అనుకుంటూ వెళ్లిపోయారు. పెట్టెలో చూడ్డానికేముంటుంది?

నూకరత్నం మాత్రం నిమ్మకాయలు మానేసింది. ఇప్పుడు బండెక్కి, ముందు తిట్టి, తర్వాత కొడుతుంది. బండి సంబరంగా లేస్తుంది. మిగిలే కాయలతో ఊరగాయ పెడుతోంది.

మందిరం గోడ మీద పెట్టడానికి 'పూర్వకాలంలో శాస్త్రమూ సమాజమూ ఒకదాన్నొకటి మలచుకున్న విధము' అన్న పలక రాయమని సభ నాకే అప్పగించింది. రాసేశాను. యంత్రం మనిషికి అలవాటు నేర్పిందనీ, మనిషి యంత్రానికి తన చాదస్తం నేర్పాడనీ, చివరికి ఎవరిది ఏదో తెలియకుండా కలిసిపోయాయనీ రాశాను. నిమ్మకాయలు, విజిళ్లు, కవర్లు, కుండీ పీఠం, చరుపు అన్నీ వరసగా పెట్టాను. రెండు చోట్ల భాష చాలా బాగా వచ్చింది.

గోడ మీద రాయలేనిది ఇక్కడ రాసి పెడుతున్నాను. ఆ పలకలో మిగతాదంతా పండితులు పరిశోధించి తేల్చింది, నిఖార్సైన చరిత్ర. చరుపు ఒక్కటే పూర్తిగా నా కల్పన. పక్కన ఒకటనీ, నెత్తిన ఒకటనీ, నలుగురూ చూస్తుంటేనే లేస్తుందనీ, అన్నీ ఆ పూట కోపంలో నా నోటికి వచ్చినవి. లేకపోతే మీరే చెప్పండి. ఇంటిల్లిపాదీ మురిసిపోయి కొనుక్కుని, కుట్టుపని గుడ్డ కప్పి, పూలు పెట్టి చూసుకునే యంత్రాన్ని పట్టుకుని, పనిచెయ్యడం లేదని నెత్తి మీద ఒక్కటి పీకేంత తిక్క జనం లోకంలో ఎక్కడైనా ఉంటారా?